లీటరు నూనె కిలో తూగదు

నమస్తే అండీ. "లీటరన్నా కిలో అన్నా ఒకటేగా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్ల విషయంలో సరే, దాదాపు ఒకటే. నూనె దగ్గర ఆ మాట నమ్మితే డబ్బులు పోతాయి.

(లీటరు నూనె ప్యాకెట్ కెమెరాకి చూపిస్తూ)

ఇదిగో లీటరు ప్యాకెట్. చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి: 910 గ్రాములు. అంటే ఈ నూనె సాంద్రత లీటరుకి 0.91 కిలోలు. ద్రవ్యరాశిని సాంద్రతతో భాగిస్తే ఘనపరిమాణం. బడిలో అందరం బట్టీ పట్టిందే, కొట్టుకెళ్లినప్పుడు మాత్రం వాడం.

ఇప్పుడు ఇదే నూనె రెండు డబ్బాల్లో ఉందనుకోండి. ఒకదాని మీద 15 కిలోలు, ఇంకోదాని మీద 15 లీటర్లు. 15ని 0.91తో భాగించండి: కిలోల డబ్బాలో దాదాపు 16.5 లీటర్లున్నాయి. లీటర్ల డబ్బాకి తిప్పి లెక్కేద్దాం. 15ని 0.91తో గుణిస్తే 13.65 కిలోలే! రెండిటికీ ఒకటే రేటు చెబితే, లీటర్ల డబ్బా కొన్నవాళ్లకి ఇలాంటి ప్యాకెట్లు ఒకటిన్నర తక్కువొచ్చినట్టు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే. కొందరు తయారీదారులు ప్యాకెట్ మీద ఆ 60 డిగ్రీల లెక్కే వేసేవారు. కొట్లో నూనె అంత వేడిగా ఉండదు కదా, లీటరని చెప్పి తక్కువ గ్రాములు పోసినట్టే, ఇది కొనేవాళ్లకి అన్యాయం. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా ఘనపరిమాణం వేయండి, దానికి సరిపోయే బరువూ వేయండి అని చెప్పింది. నేనైతే బరువే చూడమంటాను. ఎండాకాలమైనా చలికాలమైనా గ్రాములు మారవు.

టైమైపోతోంది, బంగారం, వెండి గబగబా చూసేద్దాం. చెరో 10 గ్రాములు. మేలిమి బంగారం సాంద్రత సీసీకి, అంటే మిల్లీలీటరుకి, 19.3 గ్రాములు, వెండిది 10.5. భాగిస్తే బంగారం 0.52 సీసీ, వెండి 0.95 సీసీ. అదే 10 గ్రాముల మన నూనె 11 సీసీ! బరువు సమానమైతే, సాంద్రత ఎక్కువున్నదే చిన్నగా ఉంటుంది. సాంద్రత సీసీకి గ్రాముల్లో ఉంటే బరువూ గ్రాముల్లోనే వేయండి, అక్కడే చాలామంది తప్పుతారు.

తేనె సాంద్రత 1.4కి దగ్గరగా ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో కిలో తేనె పడుతుందో లేదో మీరే భాగించి చూడండి.