మెట్లు దిగిన మూడోరోజు

అందరికీ నమస్కారం. తెల్లారి ఐదింటికే గ్రౌండ్‌కొచ్చి పరుగులు తీసే మీ ముందు వ్యాయామం, పండ్ల గురించి మాట్లాడమంటే నాకు కాస్త బెరుకే. అందుకని నేను బాగా ఎరిగిన నొప్పితో మొదలుపెడతాను.

నాలుగేళ్ల కిందట అలిపిరి మెట్లెక్కాను. 3,550 మెట్లు. ఆయాసం తప్ప ఇంకే ఇబ్బందీ లేదు. దర్శనమయ్యాక అందరూ బస్సెక్కుతుంటే నేను పంతానికి పోయి మెట్లమీదే దిగాను. మర్నాడు కొంచెం నొప్పి, అంతే. మూడోరోజు పొద్దున మంచం దిగబోతే తొడలు కొయ్యబారిపోయి ఉన్నాయి. గోడ పట్టుకుని బాత్రూంకి పోతుంటే మా ఆవిడ, "ఏడు కొండలెక్కినోళ్లకు ఈ గడప దాటడానికి సాయం కావాలా?" అంది.

ఎక్కడం కష్టం, దిగడం సులువు అనుకుంటాం గదా. కండరానికి మాత్రం దిగడమే కష్టం. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క ఒంటి బరువును బ్రేకులా పట్టి ఆపాలి. అప్పుడు దాని పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చీలికలు పడతాయి. వాటిని బాగుచేయడానికి తెల్లరక్తకణాలు చేరతాయి, నీరు చేరుతుంది, నొప్పి పుడుతుంది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే, మనం వాపు అంటాం. ఇంట్లో మేస్త్రీ పని పెట్టుకున్నాక ఇసుక, దుమ్ము వద్దంటే కుదరదు. ఆ దుమ్ము వారాల తరబడి ఉండిపోతేనే తంటా.

మరి పండు ఇందులో ఏం చేస్తుంది? మొదటగా, చక్కెర ఇస్తుంది. గంటల తరబడి నడిచినా, పరిగెత్తినా కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ తగ్గిపోతుంది. అది తగ్గేకొద్దీ కండరం ఇంటర్‌ల్యూకిన్-6 అనే, వాపుతో సంబంధమున్న పదార్థాన్ని రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా పెరుగుతుంది. మధ్యమధ్యలో ఇంత తీపి అందితే ఈ రెండూ అంతగా ఎగబాకవు.

అమెరికాలో డేవిడ్ నీమన్ అనే శాస్త్రవేత్త సైకిల్ తొక్కేవాళ్లతో దీన్ని పరీక్షించాడు. అదే మనుషులతో రెండుసార్లు 75 కిలోమీటర్లు తొక్కించి, ఒకసారి స్పోర్ట్స్ డ్రింకు, ఇంకోసారి అరటిపండు ఇచ్చాడు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం రెండుసార్లూ ఒకేలా తొక్కారు. 2018లో 20 మందితో మళ్లీ చేశారు. వట్టి నీళ్లతో తొక్కినప్పటి కంటే అరటిపండు తిన్నప్పుడూ, చక్కెర పానీయం తాగినప్పుడూ వాపు గుర్తులు తక్కువగా ఉన్నాయి. అరటిపండుతో ఇంకో విశేషం కనబడింది. నొప్పి మాత్రలు అడ్డుకునే కాక్స్-2 అనే ఎంజైమ్ ఉంది గదా, దాన్ని తయారుచేయమనే సంకేతం రక్తకణాల్లో తగ్గింది. ఈ పరిశోధనకు డబ్బు పెట్టింది అరటిపండ్లు అమ్మే ఒక పెద్ద కంపెనీ అని కూడా చెప్పాలి. దాంతో ఫలితం అబద్ధమైపోదు గానీ, నేనైతే ఒక కన్నేసి ఉంచుతాను.

రెండోది పండు రంగు. లండన్ మారథాన్ పరిగెత్తిన 20 మందిలో సగం మందికి పుల్లచెర్రీ రసం ఇచ్చారు. ముందు ఐదు రోజులు, పరుగు రోజు, తర్వాత రెండు రోజులు. 2010లో అచ్చయిన ఆ పరిశోధనలో, రసం తాగినవాళ్ల కాళ్లకు బలం త్వరగా తిరిగొచ్చింది. చెర్రీకి రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడు పండులోనూ ఉన్నాయి. అంతమాత్రాన నేరేడు తింటే అదే ఫలితం వస్తుందనడం తొందరపాటు. నాలుక ఊదాగా మారడం మాత్రం గ్యారంటీ.

ఇక్కడ కొందరికి ఒక ఆలోచన వస్తుంది. "సార్, ఇదంతా ఎందుకు, విటమిన్ సి మాత్ర వేసుకుంటే పోలా?" జర్మనీలో 2009లో సరిగ్గా అదే చేసి చూశారు. నాలుగు వారాలు వ్యాయామం చేయిస్తూ కొందరికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవాళ్లకు ఆ లాభం అందలేదు. శరీరం వ్యాయామం పెట్టే కష్టాన్ని చూసే రాటుదేలుతుంది. కష్టం తెలియకుండా మాత్రతో కప్పేస్తే ఇంక నేర్చుకునేదేముంది? 100 గ్రాముల జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాముల పైమాటే. నాకు అది చాలు.

మామిడి మాటెత్తకుండా చిత్తూరు జిల్లావాణ్ణి ఎట్లవుతాను? మన తోతాపురి చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. ఆ గుజ్జుకు నీళ్లు, చక్కెర కలిపి బాటిల్లో పోస్తే అది మామిడిపండు కాదు. పండే కొనుక్కోండి. షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎంత తినొచ్చో మీ డాక్టర్‌నే అడగండి.

ఒక్క పండుతోనే కండరం అతుక్కోదు, ప్రొటీన్ కావాలి. అందుకే ఇప్పుడు కొండకు పోతే నా సంచిలో రెండు అరటిపండ్లు, ఉడకబెట్టిన చెనిక్కాయలు ఉంటాయి. మొదటి నిట్టనిలువు మెట్లు అయ్యాక గాలిగోపురం దగ్గర ఒక పండు తింటాను, కోతులకు వీపు తిప్పి. మోకాళ్ల మెట్టు మొదలయ్యే ముందు రెండోది. చెనిక్కాయలు పైకెళ్లాక. దారిలో "జామకాయ తీసుకో సామీ" అని ఉప్పుకారం చల్లి చేతిలో పెడితే అదీ వద్దనను, చెమటతో పోయిన ఉప్పు కొంతైనా తిరిగొస్తుంది.

దిగడం మాత్రం బస్సులోనే.