సీతాఫలం ఇంటికొచ్చాక పండుతుంది, బత్తాయి పండదు

[తెర మీద: ఒక బల్ల. ఎడమ పక్క గంపలో సీతాఫలాలు, కుడి పక్క బత్తాయిలు.]

నమస్తే. బల్ల మీద రెండు రకాల పండ్లున్నాయి. ఇటువైపు బాలానగర్ సీతాఫలం, అటువైపు నల్లగొండ బత్తాయి. సీతాఫలం చెట్టు మీంచి తెంపాక కూడా పండుతుంది. బత్తాయి పండదు. తెంపిన రోజు ఎంత తీపి ఉందో అంతే, ఇంట్లో నెల రోజులు దాచినా ఆ తీపి పెరగదు. ఏ పండు ఎట్లా కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఫ్రిజ్‌లోకి ఎప్పుడు పంపాలి అనే ప్రశ్నల్లో చాలావరకు ఈ ఒక్క తేడా తెలిస్తే తేలిపోతాయి.

[దృశ్యం: హైవే పక్కన గంపలు. సీతాఫలం కండ్లు దగ్గరగా.]

ముందు సీతాఫలం. దసరా ముందు నుంచి దీపావళి దాకా బెంగళూరు హైవే మీద బాలానగర్, జడ్చర్ల దాటుతుంటే రోడ్డు పొడుగునా గంపలే. పేరున్న సీతాఫలం రకాల్లో ఒకదానికి ఆ బాలానగర్ పేరే స్థిరపడిపోయింది. బండి ఆపి అడిగితే గంప ముందున్న అవ్వ అంటుంది: "కండ్లు విచ్చినయ్ బిడ్డా, రెండు రోజులకు పండుతయ్." బేరం కోసం చెప్పే మాట అనుకోకండి. కాయ ముదిరేకొద్దీ పైనున్న కండ్లు ఉబ్బి ఒకదానికొకటి దూరం జరుగుతాయి. మధ్యలో ఉన్న గాడి ముదురాకుపచ్చ నుంచి పాలతెలుపుకో, లేత పసుపుకో మారుతుంది. అట్లాంటి కాయ రెండు నుంచి నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. కండ్లు బిగుసుకుని, గాడి కూడా పచ్చగానే ఉన్న కాయను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. అది ఇంట్లో నల్లబడి ఎండుతుందే తప్ప పండదు.

[తెర మీద బొమ్మ: కాయ లోంచి బయటికొస్తున్న చుక్కలు. కింద అక్షరాలు: ఎథిలీన్.]

పండటం అంటే లోపల ఏం జరుగుతుంది? ముదిరిన కాయ ఎథిలీన్ అనే వాయువును తనంతట తానే తయారు చేసుకుంటుంది. ఆ వాయువు తగిలాక కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారడం, గుజ్జు మెత్తబడటం, వాసన రావడం అన్నీ మొదలవుతాయి. పండుతున్న ఆపిల్ ఈ వాయువును వదులుతుందని ఇంగ్లండులో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త 1934లో నిరూపించాడు. కాయల్ని బియ్యం డబ్బాలో పూడ్చి మాగబెట్టడానికి మన నానమ్మలు ఆయన కోసం ఎదురుచూడలేదు లెండి. డబ్బాలో ఆ వాయువు బయటికి పోకుండా కాయ చుట్టూనే నిలిచిపోతుంది, అందుకే తొందరగా పండుతుంది. బియ్యం లేకపోతే పేపర్ కవర్‌లో పెట్టి, పక్కన ఒక పండిన అరటిపండు వేయండి. అరటిపండు కూడా ఎథిలీన్ వదులుతుంది. ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దు. లోపల చెమట పట్టి, కాయ పండేలోపే బూజొస్తుంది.

గంప మొత్తం ఒకేసారి కొన్నారనుకోండి, అన్నీ ఒకేరోజు పండి ఇల్లంతా టెన్షన్. ఇంటికి రాగానే వేరు చేయండి. కండ్లు బాగా విచ్చినవి ఒక వైపు, ఇప్పుడిప్పుడే విచ్చుతున్నవి ఇంకో వైపు. గోనెసంచి మీద వరిగడ్డి పరిచి ఒక్క వరుసలో పెట్టండి, ఒకదాని మీద ఒకటి వేయొద్దు. వెనక పండాల్సిన వాటిని వేరే గదిలో, గాలి ఆడే చోట పెడితే ముందు పండేవాటి వాయువు వీటికి తగలదు, రెండు రోజులు ఆలస్యంగా పండుతాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బొటనవేలితో మెల్లగా తడిమి చూస్తే చాలు. గట్టిగా నొక్కారా, నొక్కిన చోటే మొదట కుళ్ళుతుంది.

[దృశ్యం: ఫ్రిజ్ తలుపు తెరుస్తున్న చెయ్యి.]

పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టకండి. సీతాఫలం వేడి ప్రాంతపు చెట్టు. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తట్టుకోలేదు. మన ఫ్రిజ్ 4, 5 డిగ్రీల దగ్గర నడుస్తుంది. అక్కడ పచ్చికాయ తొక్క నల్లబడుతుంది, గుజ్జు గట్టిగానే ఉండిపోతుంది, తర్వాత బయట పెట్టినా సరిగ్గా పండదు. పూర్తిగా పండాక ఒకటి రెండు రోజులు పెట్టుకోవచ్చు. తొక్క నల్లబడినా లోపల బాగానే ఉంటుంది. కొల్లాపూర్ మామిడికీ ఇదే లెక్క.

మిగిలిపోయేట్టుంటే గింజలు తీసేసి, గుజ్జులో నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. నిమ్మరసం వల్ల రంగు తొందరగా మారదు. పాయసం లాంటిది చేస్తే పాలు కాచి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. పొయ్యి మీద కాస్తే సీతాఫలం చేదెక్కుతుంది. ఇంకో మాట: పేలకు మందని ఈ గింజల్ని నూరి తలకు పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. చూపుతో చెలగాటం వద్దు.

[దృశ్యం: బత్తాయి కోస్తున్న కత్తి.]

ఇక బత్తాయి. పచ్చగా ఉంటే పుల్లగా ఉంటుందని, పసుపు పడితేనే తియ్యగా ఉంటుందని పట్నంలో చాలామంది అనుకుంటారు. ఆ రంగు రాత్రి చలిని బట్టి వస్తుంది, తీపిని బట్టి కాదు. రాత్రులు చల్లబడితే తొక్కలోని పచ్చదనం కరిగి పసుపు బయటపడుతుంది. మన నల్లగొండలో ఉక్కపోత రాత్రుల్లో పక్వానికి వచ్చిన కాయ పచ్చగానే ఉండొచ్చు. అందుకే రంగు వదిలేసి చేతిలోకి తీసుకోండి. ఒకే సైజు కాయలు రెండు పట్టుకుంటే బరువుగా ఉన్న దాంట్లో రసం ఎక్కువ. తొక్క నున్నగా, పల్చగా ఉండాలి. తొక్క మందంగా, గరుకుగా ఉంటే లోపల పిప్పే.

బత్తాయి ఇంట్లో పండదు కాబట్టి అరటిపండుతో జత కట్టాల్సిన పనిలేదు. బయట గాలి తగిలే బుట్టలో వారం, ఫ్రిజ్ కింది అరలో మూడు వారాల దాకా ఉంటుంది. కడిగి మాత్రం పెట్టొద్దు, తినే ముందు కడగండి. తొక్క మీద చిన్న గీత ఉన్నా, దానికి తడి తోడైతే పచ్చటి దుమ్ములాంటి బూజు పట్టుకుంటుంది. ఒక్క కాయకు కనిపించినా తీసి పారేయండి, పక్కవాటిని గుడ్డతో తుడిచి వేరే బుట్టలోకి మార్చండి.

పొద్దున తీసిన బత్తాయి రసం మధ్యాహ్నానికి చేదెందుకు ఎక్కుతుంది? తొనల పొరల్లో, గింజల్లో ఒక పదార్థం ఉంటుంది. కాయలో ఉన్నంతసేపూ దానికి రుచే ఉండదు. పిండాక పుల్లటి రసంలో నానుతూ మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. మిక్సీలో గింజలతో సహా తిప్పితే ఇంకా ఎక్కువ. చెక్క పిండేదాంతో మెల్లగా రసం తీసి, వడకట్టి, వెంటనే తాగేయండి. స్కూల్ డబ్బాతో పాటు బాటిల్‌లో పోసి పంపేకన్నా తొనలు వొలిచి ఇవ్వడం నయం.

[తెర మీద: మామిడికాయలు.]

మామిడి గురించి ఒక్క ముక్క. కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషిద్ధం. ఎథిలీన్ వాయువును పరిమితిలో వాడటానికి అనుమతి ఉంది. కాయలు మాగబెట్టే గదిలో అది 100 పీపీఎం దాకా, అంటే గాలిలో పది లక్షల వంతులకు వంద వంతుల దాకా ఇవ్వొచ్చు. ఇంట్లో మనకు ఆ బాధే లేదు, వరిగడ్డి చాలు.

[దృశ్యం: మేడ మీద కుండీలో నిమ్మ, పెరట్లో సీతాఫలం చెట్టు.]

పెంచుకుందాం అనేవాళ్ళకు. మేడ మీద కుండీలో అయితే నిమ్మ పెట్టండి, నకిరేకల్‌లో దానికి మార్కెట్టే ఉంది కాబట్టి నర్సరీ వాళ్ళకు ఆ మొక్క బాగా తెలుసు. అంటు మొక్క తీసుకోండి. గింజ మొక్కకు కాపు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అడుగున్నర వెడల్పు కుండీ, చెలక మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, అడుగున నీళ్ళు పోవడానికి రంధ్రాలు. మన పక్క చిక్కంతా బోరు నీళ్ళతోనే. బకెట్ అంచుకు తెల్లటి పొర కట్టే నీళ్ళు రోజూ పోస్తే ఆకు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మొక్కకు ఇనుము అందట్లేదని అర్థం. మరింత ఎరువు వేసి లాభం లేదు. వానాకాలంలో వాన నీళ్ళు పట్టి పోయండి, సూక్ష్మపోషకాల మందు ఆకుల మీద పిచికారీ చేయండి. లేత ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది నిజానికి గొంగళిపురుగు కావచ్చు, చేత్తో ఏరేయండి. పూత రాకపోతే తోటల్లో చేసినట్టే కొన్ని రోజులు నీళ్ళాపి బెట్టకు పెట్టి, ఆకు కాస్త వాడగానే మళ్ళీ మెల్లగా నీళ్ళివ్వండి.

పెరడుంటే సీతాఫలమే నా ఓటు. గుట్టల మీద రాళ్ళ మధ్య పెరిగే చెట్టు, గింజతోనే మొలుస్తుంది, మూడు నాలుగేళ్ళకు కాస్తుంది. ఆకు రాలాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మలు కత్తిరిస్తే కొత్త రెమ్మలు వస్తాయి. పూత ఎక్కువగా ఆ రెమ్మల మీదే. పూత నిండా వచ్చి కాయ నిలవకపోతే కంగారు పడకండి. ఈ పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది, రెండూ ఒకే సమయానికి కుదరవు. పొద్దున్నే పూర్తిగా విచ్చిన పువ్వు లోంచి చిన్న కుంచెతో పుప్పొడి తీసి, రెక్కలు కొద్దిగా మాత్రమే విడిన పువ్వు లోపల మెల్లగా అద్దండి. ఎండలు తగ్గి తొలకరి పడ్డాక చేస్తే ఎక్కువ నిలుస్తాయి.

కాయ నిమ్మకాయంత అయ్యాక పాత కాటన్ చీర ముక్కతో వదులుగా సంచి కట్టండి. చిలుకలు, ఉడతలు దాని జోలికి అంతగా రావు. కోతులకు మాత్రం పాలమూరులో ఇంతవరకు ఎవరూ మందు కనిపెట్టలేదు.