నొప్పి పోయినంత మాత్రాన పన్ను బాగుపడినట్టు కాదు

అందరికీ నమస్కారం. రూట్ కెనాల్ అన్న మాట వింటేనే చాలామందికి భయం. రాత్రుళ్లు నిద్ర లేకుండా నొప్పి ఓర్చుకున్నవాళ్లు కూడా ఆ మాట చెవిన పడగానే "వద్దండీ, పీకేయండి" అంటారు. కానీ మిమ్మల్ని ఏడిపిస్తున్న ఆ నొప్పి పంటి లోపల ఉన్న జబ్బుది, పన్ను పీకకుండా, లోపల జబ్బుపడ్డ భాగాన్ని తీసేసి దాన్ని ఆపడానికే ఈ చికిత్స.

పైకి తెల్లగా కనిపించే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. దాని కింద డెంటిన్ అనే పొర, నడిమధ్యలో పల్ప్ అనే మెత్తటి కణజాలం ఉంటాయి. నరాలు, రక్తనాళాలు ఉండేది ఆ పల్ప్‌లోనే, అది సన్నటి దారుల్లో పంటి వేరు చివరిదాకా దిగుతుంది, ఆ దారులే కెనాల్స్. పుచ్చు లోతుకు దిగి బ్యాక్టీరియా అక్కడికి చేరితే పల్ప్ వాస్తుంది. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది, పన్ను సాగదు కదా, ఆ ఒత్తిడంతా నరాల మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి పోటు ఇంకా పెరుగుతుంది.

చల్లనీళ్లు తగిలినప్పుడు జివ్వుమని వెంటనే తగ్గిపోతే చాలాసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. అదే నీళ్లు మింగేశాక కూడా చాలాసేపు లాగుతూనే ఉన్నా, ఏమీ తగలకుండానే అర్ధరాత్రి పోటు మొదలైనా, పల్ప్ కోలుకునే దశ దాటిందేమోనని చూపించుకోవాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇప్పుడు చెప్తాను. కొన్నాళ్లకు ఒక్కోసారి నొప్పి దానంతటదే ఆగిపోతుంది, హమ్మయ్య తగ్గిందనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తారు. చాలాసార్లు అక్కడ జరిగింది ఏమిటంటే, నొప్పి తెలిపే నరం చచ్చిపోయింది, అంతే. చచ్చిన పల్ప్‌లో బ్యాక్టీరియా హాయిగా పెరిగి, వేరు కొసలోంచి బయటికొచ్చి చుట్టూ ఉన్న ఎముకను కరిగిస్తుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఏ చప్పుడూ ఉండదు. ఎక్స్‌రే తీస్తే వేరు చివర నల్లటి నీడ కనిపిస్తుంది, లేదంటే చిగురు మీద చిన్న కురుపు లేచి చీము కారుతుంది. యాంటీబయాటిక్స్ వేసుకుంటే చాలదా అని అడుగుతారు. మందు ప్రయాణించేది రక్తంలో, చచ్చిన పల్ప్‌కు రక్తమే అందదు, ఇక లోపలికి ఎలా చేరుతుంది?

చికిత్సలో ముందు మత్తు ఇస్తారు. బాగా వాచి ఉన్న కింది దవడ పళ్లకు ఒక్కోసారి ఒక ఇంజెక్షన్‌తో పూర్తిగా ఎక్కదు, అలాంటప్పుడు ఓర్చుకోవద్దు, చెయ్యెత్తండి, ఇంకో పద్ధతిలో మళ్లీ ఇస్తారు. తర్వాత పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర బిగిస్తారు. దీన్ని 1864లో శాన్‌ఫోర్డ్ బార్నమ్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టారు. ఉమ్మి లోపలికి పోకుండా, పరికరాలూ మందులూ గొంతులోకి జారకుండా కాపాడేది ఇదే, అందుకే తెర వేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. ఆ తర్వాత పల్ప్ తీసేసి, ఫైల్స్ అనే సన్నటి సూదుల్లాంటి పరికరాలతో దారులు వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ అనే క్రిములను చంపే ద్రావణంతో మళ్లీ మళ్లీ కడుగుతారు. కెనాల్ తిన్నటి గొట్టం కాదు, వంపులు, పక్క పాయలు ఉంటాయి, ఫైల్ అందని చోటికి ఈ ద్రావణమే వెళ్లాలి. శుభ్రమయ్యాక గట్టాపెర్చాతో, అంటే చెట్టు పాల నుంచి తయారయ్యే రబ్బరులాంటి పదార్థంతో నింపి మూసేస్తారు.

ముందు పళ్లకు ఎక్కువగా ఒకే కెనాల్ ఉంటుంది, దవడ పళ్లకు మూడు నాలుగు. పై దవడలో మొదటి పెద్ద పంటికి చాలామందిలో నాలుగోది కూడా ఉంటుంది, చాలా సన్నగా ఉండటం వల్ల కళ్లుగప్పుతుంది. దాన్ని వదిలేస్తే ఇన్ఫెక్షన్ తిరిగొస్తుంది. ఈ పని ఒక్క సిట్టింగ్‌లో అయిపోవాలని తొందరపెట్టకండి.

చేయించుకున్నాక కొన్ని రోజులు నమిలితే సలుపు ఉండొచ్చు, మామూలు నొప్పి మాత్రలతో తగ్గుతుంది. రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఫోన్ చేయండి. దవడ పన్నైతే క్యాప్, అంటే పంటి మీద గట్టి తొడుగు, వేయించుకోవడం వాయిదా వేయకండి. పుచ్చు వల్ల, చికిత్స వల్ల పంటి గోడలు ఇప్పటికే పల్చబడి ఉంటాయి, గట్టిది కొరికినప్పుడు వేరుదాకా నిలువుగా చీలితే ఆ పన్ను పీకేయడం తప్ప దారి దాదాపు ఉండదు. చికిత్స బాగా జరిగి, క్యాప్ లేక పోయిన పళ్లను చూస్తే నిజంగా మనసు కలుక్కుమంటుంది.

ఇంకొక్క మాట, ఇది అత్యవసరం. పంటి నొప్పితో పాటు దవడ కింద వాపు దిగుతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతున్నా, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇన్ఫెక్షన్ మెడలోకి పాకితే శ్వాస దారి మూసుకుపోతుంది.