అనంతపురం నుంచి బెంగళూరుకి మారేముందు ఈ షీట్ ఒక్కసారి నింపండి

నమస్కారం అందరికీ. బాగున్నారా? బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఇక్కడికన్నా ముప్పై వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు, పోవాలా వద్దా అని మా అనంతపురంలో ఏ వీధికి పోయినా ఒకరైనా అడుగుతుంటారు. రెండు వందల పది కిలోమీటర్ల చిల్లర దూరమే. పొద్దున సప్తగిరి సర్కిల్లో టిఫిన్ తిని బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. కానీ రాష్ట్రం మారుతోంది కదా, దాంతో ఇంటి లెక్క అంతా మారిపోతుంది. ఆ లెక్క షీట్‌లో ఎలా వేయాలో ఈ రోజు చూపిస్తాను. నేనూ, మా ఆయనా పోయినప్పుడు ఇందులో ఒక్క అంకె వదిలేశాం. మూడేళ్లు వడ్డీ కట్టాం. మీకు అట్లా కాకూడదు.

సరే, స్క్రీన్ చూడండి. గూగుల్ షీట్స్ తెరిచాను, కొత్త షీట్. ఎ కాలమ్‌లో ఖర్చు పేరు, బి కాలమ్‌లో అనంతపురం, సి కాలమ్‌లో బెంగళూరు. ఇంతే. పాలు, కూరగాయలు, గ్యాస్, ఫోను, నెట్టు, స్కూలు ఫీజు, మందులు, పెట్రోలు, ఇవన్నీ టకటకా కొట్టేస్తున్నాను, మీరు వీడియో ఆపి చూసుకోండి. అంకెలు ఊహించి వేయొద్దు. ఫోన్‌పేలోనో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో పోయిన మూడు నెలలు తీసి సగటు వేయండి. పండగ ఉన్న నెల వదిలేయండి.

ఇక్కడ ఒక మాట. నెట్‌లో ఊళ్లను పోల్చే సైట్లు ఉంటాయి. బెంగళూరుకి అంకెలు నింపేవాళ్లు వేలల్లో ఉంటారు, అనంతపురానికి ఎంతమంది నింపుంటారు చెప్పండి. ఇంకొకటి, కేంద్ర గణాంక శాఖ నెలనెలా రాష్ట్రాల వారీగా వినియోగ ధరల సూచీ ఇస్తుంది. అందులో మన రాష్ట్రం అంకె ఎంత, కర్ణాటక అంకె ఎంత అని పక్కపక్కన పెట్టి, పెద్దది ఉన్న చోట ఖర్చెక్కువ అనుకుంటారు. కాదండీ. ఆ అంకె ఆ రాష్ట్రంలోనే పాత ఏడాదితో పోలిస్తే ధర ఎంత పెరిగిందో చెబుతుంది. రెండు ఊళ్లలో ఏది ఖరీదో చెప్పదు. మీ ఇంటి బిల్లులే మీకు సూచీ.

ఇప్పుడు ఈ రో చూడండి. 'ఊరి నుంచి వచ్చేవి' అని పేరు పెట్టాను. ఇది ఏ సైట్లోనూ ఉండదు. మాకు ఊరి నుంచి బియ్యం మూట వస్తుంది, బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు వస్తాయి, చింతపండు, ఎండుమిరపకాయలు వస్తాయి. ఇక్కడ వాటికి డబ్బు పెట్టం కాబట్టి బి కాలమ్‌లో సున్నా. సి కాలమ్‌లో అంగడి ధర వేయండి. మా పాప చిన్నప్పుడు పగలంతా మా అమ్మ దగ్గర ఉండేది. బెంగళూరులో అదే డేకేర్ అయింది. అమ్మ చేసే పనికి ధర కట్టమని కాదు, ఆ చేయి లేనప్పుడు ఎంత ఖర్చవుతుందో ముందే తెలియాలి.

కరెంటు. ఇక్కడ ఏప్రిల్, మేలో కూలర్, ఏసీ లేకుండా పడుకోలేం. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, ఫ్యాను చాలు చాలా ఇళ్లకి. పైగా కర్ణాటకలో గృహజ్యోతి అనే ప్రభుత్వ పథకం ఉంది, 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం, అద్దెవాళ్లకీ వర్తిస్తుంది. కానీ 200 అందరికీ రావు, పాత వాడకం సగటు చూసి పరిమితి పెడతారు. అందుకని సున్నా వేయకుండా ఎంతో కొంత వేయండి. వృత్తి పన్ను రెండు చోట్లా నెలకి 200 దగ్గరే, దాని గురించి ఆలోచించొద్దు. అద్దె పెరిగితే ఆదాయపు పన్ను తగ్గుతుందిలే అనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి, కొత్త పన్ను విధానంలో ఉంటే ఇంటద్దె అలవెన్సు మినహాయింపు రాదు.

ఇప్పుడు అసలు విషయం. అడ్వాన్సు. ఇక్కడ కాస్త నెమ్మదిగా పోదాం.

మన దగ్గర రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సు ఇస్తాం. బెంగళూరులో ఐదు నెలలు, ఆరు నెలలు, కొన్ని చోట్ల పది నెలలు కూడా అడుగుతారు. మమ్మల్ని రెండు లక్షలు అడిగారు. "తిరిగి వచ్చే డబ్బే కదా, ఖర్చు కాదు" అని నేను లెక్కలో రాయలేదు. చేతిలో లేదు కాబట్టి నా గాజులు, మా ఆయన చైను తాకట్టు పెట్టాం. నూటికి రూపాయి వడ్డీ. నెలకి 2,000. మూడేళ్లకి 72,000. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి అని ఒక నెల అద్దె కోసుకున్నారు. ఆ కోత అగ్రిమెంటులో రాసే ఉంది, మేం చదవలేదు. ఆ 72,000 నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే పైన రెండు సెల్స్ పెట్టాను. బి2లో వడ్డీ, నూటికి నెలకి ఎన్ని రూపాయలో. ఇక్కడ 1.5 వేస్తున్నాను. బి3లో అక్కడ ఎన్ని నెలలు ఉంటారో, 36. ఇప్పుడు అద్దె 24,000 అనుకుందాం, ఆరు నెలల అడ్వాన్సు 1,44,000. ఆ పక్క సెల్‌లో ఈక్వల్ టు కొట్టి, అడ్వాన్సు సెల్ ఇంటూ బి2 బై 100. ఎంటర్. 2,160. చూశారా? ఇక్కడి అడ్వాన్సు 18,000కి అదే లెక్క 270. అప్పు చేయకపోయినా వేయండి, ఆ డబ్బు వేరే చోట పెడితే వడ్డీ వచ్చేది కదా.

ఈ ఫార్ములాని కిందికి లాగితే తప్పు అంకె వస్తుంది. మళ్లీ చూపిస్తాను. లాగాను, బి2 కాస్తా బి3 అయిపోయింది. వడ్డీ బదులు నెలలతో గుణిస్తోంది. బి ముందు ఒక డాలర్ గుర్తు, 2 ముందు ఒక డాలర్ గుర్తు పెట్టాలి. కంప్యూటర్లో బి2 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కితే రెండూ ఒకేసారి పడతాయి. ఫోన్లో చేత్తో కొట్టాలి. నాకు ఫోన్ కన్నా పాత ల్యాప్‌టాపే హాయి, కీబోర్డు ఉంటే ఈ పని పది నిమిషాలు.

తిరిగి రాని డబ్బులు వేరు. లారీ బాడుగ, పెయింటింగ్ కోత, వీటిని బి3తో భాగించండి. పెయింటింగ్ 24,000 బై 36, నెలకి 667. బండి కూడా ఇక్కడే రాయాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఇక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, అక్కడ జీవితకాల పన్ను. బండి వయసును బట్టి పన్ను ఉంటుంది. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు, కానీ ముందు అక్కడ కట్టాలి. అంటే చేతిలో డబ్బుండాలి.

డబ్బు కానివి ఇంకో ట్యాబ్‌లో. మూడే రాశాను. ఒకటి ప్రయాణం. మ్యాప్స్‌లో ఇంటి నుంచి ఆఫీసుకి దారి పెట్టి, బయల్దేరే సమయం సోమవారం పొద్దున తొమ్మిదిగా మార్చండి. ఆదివారం చూసి ఇల్లు తీసుకోకండి. రెండు నీళ్లు. వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్ని కాదు. కావేరి నీళ్లు వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్లు ఎన్ని దిగుతాయి, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలుపుతారా అని.

మూడోది పిల్లల చదువు. ఎనిమిదో తరగతి పిల్లలున్న అక్కలు, అన్నలు ఇది వినండి. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. మామూలుగా లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తొమ్మిదిలో అక్కడికి తీసుకెళ్తే ఇక్కడ నాన్‌లోకల్ అయ్యే ప్రమాదం ఉంది. అక్కడ కర్ణాటక సీటుకి కూడా సాధారణంగా ఏడేళ్ల చదువు అడుగుతారు. రెండు వైపులా పిల్ల ఇరుక్కుంటుంది. దీనికి ఫార్ములా లేదు. ముందే కూర్చుని మాట్లాడుకోండి, పిల్లని కూడా కూర్చోబెట్టుకోండి.

సరే, కింద టోటల్ చూడండి. సి మైనస్ బి. నా ఉదాహరణలో నెలకి 26,400 తేడా. ముప్పై వేలు ఎక్కువ ఇస్తామన్న ఉద్యోగంలో మిగిలేది 3,600. జీతం మాట్లాడేటప్పుడు ఈ సెల్ ముందు పెట్టుకుని మాట్లాడండి. షీట్ లింకు వీడియో కింద ఉంది, ఫైల్‌లోకి పోయి కాపీ చేసుకోండి. బి2లో 1.5 తీసేసి మీకు ఎంత వడ్డీకి డబ్బు పుడుతుందో అది వేసుకోండి.