బోర్డోలో కొత్త ద్రాక్ష, మా పాత తగాదా

సుధ: నమస్తే. ఈసారి బోర్డో, ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న ప్రాంతం. 2021లో అక్కడ ఆరు కొత్త ద్రాక్ష రకాలకి అనుమతి వచ్చింది, వాటి గురించి. బావా, ముందు ఆ సీసా పక్కన పెట్టు.

రవి: లేబుల్ చూస్తున్నానంతే. ఆల్కహాల్ 14.5 శాతం!

సుధ: మొదలెట్టాడు.

రవి: వైన్‌లో ఆల్కహాల్ శాతం పెరిగిపోతోందని నేనంటే, దాని గురించి మనకి రాసినవాళ్లంతా నా పక్షమే. ఏలూరాయన తప్ప.

సుధ: ఆయన్ని మళ్లీ కెలకొద్దు. ఎర్రవి నాలుగు: మార్సెలాన్, తూరీగా నాసియోనాల్, కాస్తే, అరినార్నోవా. తెల్లవి రెండు: అల్వారిన్యో, లిలియోరిలా. తోటలో 5 శాతం, వైన్‌లో 10 శాతం మించకూడదు. అక్కడి ఎర్ర ద్రాక్షలో సగానికి పైగా మెర్లో. అది త్వరగా పండుతుంది, ఎండ పెరిగితే చక్కెర ఎక్కుతుంది...

రవి: చక్కెర ఎక్కితే ఆల్కహాల్ ఎక్కుతుంది. నేను మొత్తుకునేది అదేగా! తప్పంతా ఎండది.

సుధ: అంతా ఎండ మీదకి నెట్టకు. కావాలనే ఆలస్యంగా కోశారు. వైన్ తయారీలో సలహాలిచ్చే మిషెల్ రోలాఁ చెప్పాడు, బోర్డో వాళ్లు విన్నారు.

రవి: రోలాఁ జోలికి రావద్దన్నానా?

సుధ: వస్తా.

రవి: అంతకుముందు ఏం ఉద్ధరించారు? వాన భయానికి పచ్చి కాయ కోసేవాళ్లు. పీపాలు కంపు. వైన్ శాస్త్రవేత్త ఎమీల్ పెయినో వచ్చి పండినదే కోయండి, శుభ్రంగా ఉంచండి అని నేర్పాల్సొచ్చింది. రోలాఁ చేసిందీ దాని కొనసాగింపే.

సుధ: పెయినోకి దణ్ణం. కానీ పండాక కూడా ఇంకా ఆగమనడం, కొత్త ఓక్ పీపాలు, వగరు తగ్గడానికి తొట్టిలోకి ఆక్సిజన్ బుడగలు... అదీ కొనసాగింపేనా? అమెరికా వైన్ విమర్శకుడు పార్కర్ నూటికి మార్కులేస్తుంటే ఆ మార్కుల కోసం చేశారు.

రవి: 1982 పంట గొప్పదని పార్కర్ గట్టిగా చెప్పాడు. అది నిజమైంది కదా.

సుధ: 1982 సరే. 2003 పావీ?

రవి: అబ్బా. పావీ దాకా వచ్చేశావా!

సుధ: పావీ అంటే బోర్డోలోనే, సాంతెమిలియోఁలో తోట. దాని 2003 వైన్‌ని పార్కర్ నెత్తిన పెట్టుకున్నాడు. ఇంగ్లండ్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ 20కి 12 వేసింది. అతిగా పండిపోయిందని ఆవిడ గోల.

రవి: ఆ ఏడాది యూరప్ మొత్తం మాడిపోయింది తల్లీ!

సుధ: పక్క తోటల మీద ఎండ కాయలేదా? అన్నీ అలా రాలేదే? ఎప్పుడు కోయాలో మనిషేగా చెప్పేది.

రవి: రోలాఁ వేలు పెడితే అన్నీ ఒకే రుచి అంటావు. హిందూపురం నుంచి ఎంత దూరం, నందికొండల్లో వైన్ చేసే గ్రోవర్ వాళ్లకీ ఆయనే సలహా ఇచ్చాడు. అదీ బోర్డోలోని పోమరోల్ వైనూ ఒకటేనా?

సుధ: ...కాదు.

రవి: హమ్మయ్య.

సుధ: కాదు కానీ, అదొక్కటీ చూపించి గెలిచానంటే కుదరదు. ఇప్పుడు బోర్డో వాళ్లే వెనక్కి తిరిగారుగా. తాజాదనం కావాలంటూ ముందే కోస్తున్నారు, కొత్త పీపాలు తగ్గించారు. పోంతే-కానే అనే తోటలో వైన్‌ని కాంక్రీటు జాడీల్లో కూడా పెడుతున్నారు.

రవి: పెట్టినా ఈ సీసా మీద 14.5. రోలాఁని తిట్టినవాళ్ల సీసాలూ చూడు, అదే వరస. అప్పటి పిచ్చి దిగింది, ఎండ దిగలేదు.

సుధ: ఊఁ. అది ఒప్పుకుంటా. సగం.

రవి: సగమే చాలు.

సుధ: అసలు నాకు గుచ్చుకునేది వేరే. 2023లో దాదాపు 9,500 హెక్టార్ల తోట పీకెయ్యడానికి పథకం పెట్టారు. హెక్టారుకి 6,000 యూరోలు. 1855లో గొప్పవని జాబితా వేసిన షాతోలవి, అంటే పేరున్న ఎస్టేట్లవి కావు. లేబుల్ మీద బోర్డో అని మాత్రమే రాసుకుని, చవగ్గా అమ్ముకునేవాళ్లవి.

రవి: ఎర్ర వైన్ తాగేవాళ్లు తగ్గిపోయారు.

సుధ: అవును. మార్కులు ఆ తోటల దాకా ఎప్పుడూ రాలేదు. పావీ గొడవ వాళ్లది కాదు, ధర పడిపోవడం మాత్రం వాళ్లదే.

రవి: మరి ఈ ఆరు రకాలు? పీకే వాడు కొత్త మొక్క ఎందుకు నాటతాడు?

సుధ: డబ్బున్నవాడు నాటి చూస్తాడు.

రవి: క్లేరే సంగతి చెప్తానన్నావు. లేత ఎరుపు, చల్లగా తాగేది.

సుధ: టైమెక్కడుంది, అంతా నీ రోలాఁకే సరిపోయింది.

రవి: రెండు ముక్కల్లో చెప్పు.

సుధ: రెండు ముక్కల్లో అయ్యేది కాదు. ఆపేస్తున్నా.