తెగింపు అంకె

అందరికీ నమస్కారం. లెక్కల మాస్టారు రాజకీయాలు మాట్లాడతాడట అని వచ్చినవాళ్ళకి ముందే చెప్తున్నా, ఎవరు గెలుస్తారో నేను చెప్పలేను. ఎందుకు చెప్పలేనో మాత్రం చెప్తాను.

1978లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక లెక్క వేశారు. కూడలిలో వందమంది ఉన్నారనుకోండి. అందరికీ సర్కారు మీద కోపమే. కానీ తనకన్నా ముందు ఎంతమంది దిగితే తను దిగుతాడన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. దాన్ని తెగింపు అంకె అందాం. ఒకడికి సున్నా, ఎవరూ రాకపోయినా నినాదం ఎత్తుకుంటాడు. తర్వాతివాడికి ఒకటి, ఆ తర్వాత రెండు, అలా చివరివాడికి 99. మొదటివాడు అరవగానే రెండోవాడు గొంతు కలుపుతాడు, ఇద్దర్నీ చూసి మూడోవాడు... కాసేపటికి వందమందీ రోడ్డు మీదే.

ఇప్పుడు అంకె ఒకటి ఉన్నవాడికి రెండు ఇవ్వండి. మిగతావాళ్ళ జోలికి పోవద్దు. మొదటివాడు అరుస్తాడు. ఇంకెవరూ కదలరు. సగటు 49.5 నుంచి 49.51 అయింది, అంతే. ఏ సర్వేకీ ఆ తేడా చిక్కదు.

కాగితం మీద లెక్కే కదా అంటారేమో, తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ చూడండి. 1989 సెప్టెంబర్‌లో సోమవారం ప్రార్థనలయ్యాక నికొలాయ్ చర్చి బయట సర్కారు మీద నిరసనగా చేరింది కొన్ని వందల మంది. అక్టోబర్ 9న సుమారు 70,000 మంది. కాల్పులు జరగొచ్చన్న భయంతోనే వచ్చారు. ఆ రాత్రి ఇద్దరు యువకులు ఒక చర్చి గోపురమెక్కి దొంగచాటుగా వీడియో తీశారు. మర్నాడు పశ్చిమ జర్మనీ టీవీలో అది వచ్చింది. తూర్పున ఇళ్ళల్లో చూసేదీ ఆ టీవీనే! పై సోమవారానికి జనం లక్ష దాటారు. నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది.

తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగం స్టాసీలో అప్పట్లో సుమారు 90,000 మంది ఉద్యోగులు. ఎవరేమనుకుంటున్నారో వాళ్ళ ఫైళ్ళలో ఉంది. ఎవరు ఎంతమందిని చూస్తే బయటికొస్తారో అందులో లేదు. ఉండదు కూడా, ఆ అంకె మనిషికి తనకే తెలియదు.

గ్రానోవెటర్ లెక్కలో ఒక లోటుంది. కూడలిలో అందరికీ అందరూ కనిపిస్తారు. మనకి కనిపించేది మన వీధి, మన వాట్సాప్ గ్రూపు. ఎవరు ఎవర్ని చూస్తున్నారన్నది కలిపితే లెక్క ఇంకా చిక్కుపడుతుంది. ఆ టీవీ చేసిన పని అదే, చూసేవాళ్ళని మార్చింది.

ఇక కంప్యూటర్‌లో నడిపి చూద్దాం. మీ మీ తెగింపు అంకెలు కావాలి. చేతులెత్తకండి, పక్కవాళ్ళకి చూపించకుండా చీటీ మీద రాసివ్వండి.