అరడుగు ఎత్తు, ఆరడుగుల వెడల్పు

(విజయనగరం నుంచి ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం)

వ్యాఖ్యాత: నమస్కారం. నడిచేవాళ్ల కోసం, సైకిల్ తొక్కేవాళ్ల కోసం మన ప్రజాప్రతినిధులను ఏమడగాలి, ఎలా అడగాలి? జవాబులు చెప్పడానికి పదవీ విరమణ చేసిన మునిసిపల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను దాసన్నపేట నుంచి. చెప్పండి.

శ్రోత: నేను రిటైరైన మాస్టారినమ్మా. డెబ్బై రెండేళ్లు. రోజూ గంటస్తంభం దాకా నడిచి వెళ్లి పేపరు తెచ్చుకుంటాను. కాలిబాట మీద బళ్లు పడుకుంటాయి, నేను లారీల పక్కన నడుస్తాను. మన ఎంపీ గారు 2024లో పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారని టీవీలో చూశాను. ఆయనకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే, నమస్కారం తర్వాత కలం కదలడం లేదు.

ఇంజనీరు: రాయండి మాస్టారూ. కలిశెట్టి అప్పలనాయుడు గారు తొక్కింది పసుపు సైకిల్, అది వారి పార్టీ గుర్తు కూడా. అందులో ప్రచారమెంత, అభిమానమెంత అని తూకం వేయడం మన పని కాదు. సైకిలెక్కిన నాయకుడి దగ్గర ఈ మాట ఎత్తడం తేలిక, అంతే. ఎంపీకి నియోజకవర్గ పనుల కోసం ఏడాదికి 5 కోట్ల రూపాయల నిధి ఉంటుంది. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం పని చేయిస్తుంది. కానీ 'కాలిబాట కావాలి' అని రాస్తే 'పరిశీలిస్తాం' అని జవాబొస్తుంది. నా సర్వీసులో అలాంటి జవాబులు నేనే చాలా రాశాను. ఏ మలుపు నుంచి ఏ మలుపు వరకు, ఆ రోడ్డు మునిసిపాలిటీదా, ఆర్ అండ్ బీదా, ఇప్పుడెంత ఉంది, ఎంత ఉండాలి, ఇవి రాయండి. లెక్క గుర్తు పెట్టుకోవడం సులువే: అరడుగు, ఆరడుగులు.

వ్యాఖ్యాత: అరడుగు వెడల్పుంటే చాలా!

ఇంజనీరు: అలా కట్టినవీ ఉన్నాయి లెండి. ఎత్తు అరడుగు మించకూడదు, వెడల్పు ఆరడుగులకు తగ్గకూడదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, 150 మిల్లీమీటర్లు, 1.8 మీటర్లు అని. అదీ స్తంభం, చెత్తకుండీ అడ్డం లేకుండా మిగలాల్సిన వెడల్పు. బజారులో అయితే ఇంకా ఎక్కువ కావాలి. మీ దగ్గర టేపు ఉందా మాస్టారూ?

శ్రోత: మా వీధి చివర దర్జీ ఉన్నాడు. అడుగుతాను.

వ్యాఖ్యాత: తర్వాత శ్రీకాకుళం జిల్లా, రణస్థలం దగ్గర నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: మా ఊరు హైవేకు ఇటు, బడి అటు. పెద్దమ్మాయికి అప్పట్లో 'బడికొస్తా' పథకంలో ఇచ్చిన సైకిలే ఇప్పుడు చిన్నది తొక్కుతోంది. దాటడానికి దారి చాలా దూరంలో ఉందని పిల్లలు ఎదురు దిశలో వెళ్తారు. అది ఇంటికి వచ్చేదాకా నేను గుమ్మంలోనే ఉంటాను. పాదచారుల వంతెన అడుగుదామని ఊళ్లో అందరం అనుకుంటున్నాం.

ఇంజనీరు: ఆగండమ్మా, ఆ వంతెనకు మెట్లుంటాయి. మీ అమ్మాయి సైకిల్‌ను భుజాన వేసుకుని ఎక్కుతుందా?

శ్రోత: ఎక్కలేదండీ.

ఇంజనీరు: కట్టాక కూడా కిందినుంచే దాటుతారు. అప్పుడు 'వంతెన ఇచ్చాం కదా, వాడుకోరు' అని నిందొకటి. రోడ్డు కిందుగా అండర్‌పాస్ అడగండి, సైకిల్ నడిపించుకుని వెళ్లేంత వాలుతో. జాతీయ రహదారి కేంద్రానిది కాబట్టి మీ ఎంపీని పట్టుకోండి. లోక్‌సభలో నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేయమనండి, మంత్రిగారి జవాబు రాతపూర్వకంగా వస్తుంది. ఆ కాగితం మళ్లీ మళ్లీ చూపించవచ్చు. ఎమ్మెల్యే గారిని వేరే మాట అడగండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 138వ సెక్షన్‌లో 1ఏ అని చేర్చారు. రహదారులపై నడిచేవాళ్లకు, సైకిళ్లకు సంబంధించిన నియమాలను రాష్ట్రం చేయవచ్చు. జాతీయ రహదారైతే దాని ప్రాధికార సంస్థను సంప్రదించి చేయాలి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నియమాలను ఆరు నెలల్లో చేయమని రాష్ట్రాలకు చెప్పింది. మన రాష్ట్రంలో ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో శాసనసభలో అడగమనండి. పిల్లల పేర్లు, సైకిళ్లెన్ని, ఏ సమయంలో దాటుతారు, ఒక నోటుబుక్కులో వారం రోజులు రాయించండి.

శ్రోత: చిన్నదాని చేతే రాయిస్తాను. దస్తూరి బాగుంటుంది.

వ్యాఖ్యాత: బజారులో పళ్లబండి నడిపే అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత: మాస్టారు గారి మాట విన్నానండీ. కాలిబాట అంటే ముందు లేపేది మమ్మల్ని. కారు నిలబెట్టినాయనను ఎవరూ ఏమీ అనరు.

ఇంజనీరు: నిజం. మేమూ అదే చేశాం. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది తల్లీ. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా లేపకూడదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మీవాళ్లే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. మీ కౌన్సిలర్‌ను ఆ కమిటీ గురించి అడగండి. మాస్టారి ఉత్తరంలో మీరూ సంతకం పెట్టండి, 'బళ్లు తీయించండి' అన్నచోట మోటారు బళ్లని స్పష్టంగా రాయించి మరీ.

వ్యాఖ్యాత: కంటోన్మెంట్ నుంచి ఒక తమ్ముడు. త్వరగా చెప్పాలి.

శ్రోత: విదేశాల్లో చట్టసభల వాళ్లు దీన్ని నిజంగా పట్టించుకుంటారా సార్?

ఇంజనీరు: అమెరికా కాంగ్రెస్‌లో ఎర్ల్ బ్లూమెనాయర్ అనే సభ్యుడు 1996లో సైకిల్ కోసం సభ్యుల బృందమే పెట్టారు, కోటుకు సైకిల్ బిళ్ల తగిలించుకునేవారు. అయితే అంతకు ముందే, 1991 నాటి రవాణా చట్టంలో, రాష్ట్రాలకిచ్చే ఒక పద్దులో పది శాతం పక్కన పెట్టాలని రాసేశారు. కాలిబాటలు, సైకిల్ దారులు ఆ డబ్బుతో కట్టుకోవచ్చు. బిళ్ల నాకూ నచ్చింది బాబూ, కానీ నేను పద్దు మనిషిని.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది... దాసన్నపేట మాస్టారు మళ్లీ లైన్లోకి వచ్చారు!

శ్రోత: రోడ్డు మీద నుంచే మాట్లాడుతున్నానమ్మా, దర్జీ కూడా ఉన్నాడు. వెడల్పు మూడడుగుల రెండంగుళాలు, మధ్యలో కరెంటు స్తంభం.

ఇంజనీరు: ఎత్తెంత మాస్టారూ?

శ్రోత: దర్జీ కొలుస్తున్నాడు... అడుగు మీద మూడంగుళాలట. నేను ఎక్కలేదు, కిందే నిలబడ్డాను.